గడ్డపు తొండకు ఎండ ఇల్లు

పెరటి కంచె మీదికెక్కి, ఎండలో మెడ నిక్కించి తల ఊపే తొండను చూడని తెలుగువాళ్లు ఉండరు. బియర్డెడ్ డ్రాగన్ దానికి దూరపు చుట్టం. రెండూ అగామిడే అనే బల్లుల కుటుంబానివే. మన తొండ ఆ వంశంలో ఆసియా శాఖ, ఇది ఆస్ట్రేలియా శాఖ. బెదిరినప్పుడు గొంతు కింది ముళ్ల పొలుసుల సంచిని ఉబ్బిస్తుంది. అప్పుడు గడ్డం పెరిగినట్టు కనిపిస్తుంది కనుక ఆ పేరు. శాస్త్రీయ నామం పొగోనా విట్టిసెప్స్. గ్రీకులో ‘పొగోన్’ అంటే గడ్డమే. జర్మన్ జంతుశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆల్ 1926లో ఈ జాతిని వర్ణించాడు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. పెంచేవాళ్లు ఇంగ్లీషు పేరుతోనే, ముద్దుగా ‘బియర్డీ’ అని పిలుచుకుంటారు. ఈ వ్యాసంలో అక్కడక్కడా గడ్డపు తొండ అని వాడింది చుట్టరికం గుర్తుండాలని.

పెంపుడు బల్లులన్నిటిలో ఇది మనిషికి బాగా మాలిమి అవుతుంది. చేతిమీద కూర్చుంటుంది, కళ్లలోకి చూస్తుంది, అకారణంగా కరవదు. అందుకే చాలామంది తొందరపడి ముందు జంతువును తెచ్చుకుంటారు, ఇంటి సంగతి తర్వాత చూసుకుంటారు. కుక్కకు ఇల్లంటే నీడ, పడుకునే చోటు. దాని ఒంట్లో వేడి అదే పుట్టించుకుంటుంది. గడ్డపు తొండకు ఆ శక్తి లేదు. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా, ఎముక గట్టిపడాలన్నా వేడీ వెలుగూ బయటినుంచే అందాలి. దాని జీర్ణాశయంలో సగం, దాన్ని ఉంచే పెట్టెలోని దీపం కింద ఉందనుకోవచ్చు. ఇల్లు సరిగా లేని గడ్డపు తొండకు ఎంత మంచి తిండి పెట్టినా ఒంటికి పట్టదు. కనుక దానికి ఇల్లు కట్టడమంటే ముందు ఎండను కట్టడం. గోడలూ తలుపులూ ఆ తర్వాత.

పుట్టినచోటు

ఆస్ట్రేలియా తూర్పు సగంలో, సముద్రానికి దూరంగా ఉన్న లోతట్టు ప్రాంతం దీని సొంత నేల. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల పడమటి భాగాల్లో, విక్టోరియా వాయవ్య మూలలో, సౌత్ ఆస్ట్రేలియాలో, నార్తర్న్ టెరిటరీ ఆగ్నేయ భాగంలో కనిపిస్తుంది. ఎర్రమట్టి, పలచటి చెట్లు, పొదలు, అరుదుగా వాన. అక్కడ దారి పక్క కంచె గుంజల మీదా, ఎండిన మొద్దుల మీదా కాపలా ఉన్నట్టు కూర్చుంటుంది. పొద్దున ఎండకు ఎదురుగా, మధ్యాహ్నం పొద నీడలో, చలికాలంలో బొరియలోనో మొద్దు కిందో గడుపుతుంది. వాన పడినప్పుడు వెనక భాగం పైకెత్తి తల దించి నిలబడితే, వీపు మీద పడిన నీళ్లు జారి నోటిదాకా వస్తాయి. అలా తాగుతుంది.

దీన్ని వేడి కోరే జీవి అంటారు. అది సగం నిజమే. దాని ఒంటికి నచ్చే వేడి సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు. అంతకు తగ్గితే ఎండలోకి వస్తుంది, మించితే నీడలోకి పోతుంది. రోజంతా ఈ ఎక్కడం దిగడమే దాని బతుకు. పెట్టెలో మనం ఇవ్వవలసింది ఒకే వేడి కాదు, ఎంచుకునే వీలు.

1960ల నుంచి ఆస్ట్రేలియా తన స్వదేశీ వన్యప్రాణుల వాణిజ్య ఎగుమతిని ఆపేసింది. ఈనాడు అమెరికా, యూరప్, ఆసియా దేశాల ఇళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ ఎన్నో తరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగిన వంశాలవి. ఇదే ప్రజాతిలో తూర్పు తీరపు పొగోనా బార్బాటా ఉంది, క్వీన్స్‌లాండ్ నల్లమట్టి మైదానాల్లో ఉండే చిన్న జాతి పొగోనా హెన్రీలాసోనై ఉంది. అంగడిలో దొరికేది దాదాపు ఎప్పుడూ విట్టిసెప్సే.

పెట్టె

పెద్దదైన గడ్డపు తొండ తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లుంటుంది. తోకే అందులో సగానికి పైన. దానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కనీస కొలత. అంతకంటే పెద్దదైతే మరీ మంచిది. పొడవు తిరగడానికి మాత్రమే కాదు. రెండడుగుల గాజు తొట్టెలో ఒక మూల దీపం వెలిగిస్తే కాసేపటికి రెండో మూలా వేడెక్కుతుంది. ఇక పారిపోయే చోటే ఉండదు. చల్లటి మూల మిగలాలంటే పెట్టె పొడుగ్గా ఉండి తీరాలి. పిల్ల కదా అని చిన్న తొట్టె కొనడం డబ్బు దండగ. పది సెంటీమీటర్లుండే పిల్ల ఏడాది, ఏడాదిన్నరలో పెద్దదవుతుంది. మొదటి రోజే నాలుగడుగుల పెట్టె పెట్టి, లోపల నాలుగైదు దాక్కునే చోట్లు అమరిస్తే పిల్లకూ ఇబ్బంది ఉండదు.

తలుపు ముందువైపు ఉండాలి. సొంత నేలలో దీనికి చావు ఆకాశం నుంచి, గద్దల రూపంలో వస్తుంది. నడినెత్తిన, రెండు కళ్ల మధ్య కాస్త వెనగ్గా, ఆవగింజంత మచ్చ కనిపిస్తుంది. అది వెలుగునీ నీడనీ పసిగట్టే మూడో కన్ను. బొమ్మ చూడదు కానీ పైన నీడ కదిలితే తెలుసుకుంటుంది. పైమూత తీసి చెయ్యి దింపితే, ఎంత మాలిమైన జంతువైనా ఒక్క క్షణం అది గద్దే అనుకుంటుంది. రోజూ అలా భయపెడితే చేతికి రావడం మానేస్తుంది. అందుకే పెట్టెను నేలమీద కాకుండా బల్ల ఎత్తులో పెట్టి, ఎదురుగా జరిపే గాజు తలుపులు బిగించాలి.

నాలుగు వైపులా గాజు ఉంటే సాయంత్రాలు దానికి తన నీడే ఎదురవుతుంది. పక్కన ఇంకో తొండ ఉందనుకుని గంటలకొద్దీ గాజు గీకుతుంది. మూడు వైపులా మూసిన ప్లైవుడ్ లేదా పీవీసీ పెట్టె మేలు. మన ఊళ్లలో మంచి కార్పెంటర్ ఉంటే ఇది వంటింటి కప్‌బోర్డు చేసినంత సులువు. లోపలి సందులను అక్వేరియం సిలికాన్‌తో మూయించి, నీటిలో కలిపే వార్నిష్ వేయించి, వాసన పూర్తిగా పోయేదాకా, అంటే రెండు మూడు వారాలు, తలుపులు తెరిచి ఆరనివ్వాలి. చల్లటి వైపు కింద, వేడి వైపు పైన గాలి రంధ్రాలు పెడితే వేడిగాలి పైకి పోతూ చల్లగాలిని లోపలికి లాగుతుంది.

పెట్టెను కిటికీ ఎండ పడేచోట పెట్టకూడదు. మూసిన గాజు పెట్టె నిమిషాల్లో పొయ్యి అవుతుంది. దోమల కాయిల్, లిక్విడ్ వాడే గదీ పనికిరాదు. వాటిలోని పైరెత్రాయిడ్ మందులు సరీసృపాలకు విషం. ఇక చీమలు. పురుగుల తిండి ఉన్న పెట్టెకు చీమలు తప్పవు, నిద్రలో ఉన్న పిల్లను అవి కుట్టి చంపగలవు. అమ్మమ్మలు జాలీ బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టినట్టే ఈ బల్ల కాళ్ల కిందా పెడితే మందుల అవసరం రాదు.

వేడి

దీపం కింద ఎండకాచుకునే రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి చివర 24 నుంచి 27, రాత్రి 18 నుంచి 24. ఈ మూడు అంకెలూ పెట్టె గోడ మీద రాసిపెట్టుకోవాలి. గాలి వేడికీ రాతి వేడికీ తేడా ఉంది. గోడకు అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటరు చెప్పేది గోడ సంగతి మాత్రమే. తుపాకీలా గురిపెట్టే ఇన్ఫ్రారెడ్ థర్మామీటరుతో రాయి మీద కొలవాలి, గాలికి తీగ కొసన సెన్సర్ ఉన్న డిజిటల్‌ది వాడాలి.

వేడికి మామూలు హాలోజెన్ ఫ్లడ్ బల్బు చాలు. పెట్టె ఎత్తును బట్టి 50 నుంచి 100 వాట్లు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది, వేడినివ్వదు. పింగాణీ హోల్డరు తప్పనిసరి, ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది. డిమ్మింగ్ థర్మోస్టాట్ పెడితే బల్బు ఆరుతూ వెలుగుతూ జంతువును చికాకుపెట్టకుండా, వెలుగును తగ్గిస్తూ పెంచుతూ వేడిని నిలబెడుతుంది. జంతువు ఎగిరి అందుకునేంత దగ్గరగా బల్బు ఉంటే చుట్టూ తీగ పంజరం బిగించాలి.

‘హాట్ రాక్’ పేరుతో కరెంటు రాళ్లు అమ్ముతారు. వాటిని కొనవద్దు. ఈ జంతువుకు వేడి పైనుంచి వస్తుందనే తెలుసు. వీపు కాలితే పక్కకు జరుగుతుంది. పొట్ట కింద కాలుతున్నా తెలుసుకోదు, అలాగే పడుకుని చర్మం కాల్చుకుంటుంది.

ఎండకాచుకునే రాయికి మన దగ్గర కడప బండకు మించింది లేదు. నల్లటి రంగు వేడిని బాగా పీలుస్తుంది, దీపం ఆరాక కూడా కాసేపు నిలుపుకుంటుంది. పాలిష్ చేయని గరుకు వైపు పైకి పెడితే గోళ్లు వాటంతట అవే అరుగుతాయి. అడుగు చదరం ముక్క చాలు. రాళ్ల దుకాణంలో అంచులు రుద్దించుకోవాలి. తాండూరు బండ కూడా పనికొస్తుంది, లేత రంగు కనుక కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది.

పొద్దున దీపం వెలిగిన మొదటి పావుగంట పెట్టె ముందు కూర్చుని చూడాలి. మొద్దు కిందినుంచి బయటకొచ్చిన జంతువు వీపు బూడిద నలుపుగా ఉంటుంది. మెల్లగా బండ ఎక్కి, పక్కటెముకలు పరిచి అప్పంలా చదునవుతుంది. వీపంతా దీపం వైపు వాల్చి కళ్లు సగం మూస్తుంది. నలుపు వేడిని తొందరగా తాగుతుంది. అరగంట గడిచేసరికి ఆ నలుపు కరిగి ఇసుక రంగు, లేత పసుపు తేలతాయి. ఇంకాసేపటికి నోరు కొద్దిగా తెరుస్తుంది. నోటి తేమ ఆవిరై లోపలి వేడి తగ్గుతుంది. ఆ తర్వాత దిగి చల్లటి వైపు నడుస్తుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు అని మనవాళ్లు తిట్టుగా అంటారు గానీ, ఈ రంగు మార్పు ఇల్లు ఎలా ఉందో చెప్పే భాష. పగలంతా నల్లగానే ఉంటే వేడి చాలడం లేదేమో చూడాలి. పొద్దస్తమానం నోరు తెరుచుకుని చల్లటి మూలనే ఉంటే వేడి మించిపోయింది.

కంటికి కనపడని వెలుగు

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే, ఎందుకంటే ఈ వెలుగు మనకు కనపడదు. సూర్యకాంతిలో 290 నుంచి 315 నానోమీటర్ల తరంగాలున్న అతినీలలోహిత ‘బి’ భాగం, అంటే యూవీబీ, చర్మం మీద పడితేనే అక్కడి కొలెస్ట్రాల్ సంబంధిత పదార్థం విటమిన్ డి3గా మారడం మొదలవుతుంది. డి3 లేనిదే పేగు కాల్షియాన్ని పీల్చుకోదు. అప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియాన్ని తోడుకుంటుంది. దవడ రబ్బరులా మెత్తబడుతుంది, వేళ్లు వణుకుతాయి, కాళ్లు వంకరపోతాయి, వెన్నెముక గూనెక్కుతుంది. దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. ఎదిగే పిల్లల్లో కొన్ని నెలల్లోనే వస్తుంది. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. ఈ జంతువులను వైద్యుల దగ్గరికి తెచ్చే జబ్బుల్లో ఇంత దుఃఖం కలిగించేది, ఇంత తేలిగ్గా తప్పించగలిగేది మరొకటి లేదు.

దీనికి మార్గం టీ5 హై అవుట్‌పుట్ రకం సరీసృపాల ట్యూబ్‌లైటు. ట్యూబు వచ్చే అట్టపెట్టె మీద 12 శాతం లేదా 10.0 అని రాసి ఉంటుంది. మరచుట్టలా చిన్నగా ఉండే కాంపాక్ట్ బల్బు వెలుగు ఒక్కచోటే పడుతుంది. దీన్ని ట్యూబుకు బదులుగా వాడకూడదు. ట్యూబు పెట్టె పొడవులో సగం నుంచి మూడింట రెండు వంతులు ఉండాలి, వేడి దీపం ఉన్న వైపే ఉండాలి. బయట వేడీ, వెలుగూ, యూవీ ఒకే సూర్యుడి నుంచి వస్తాయి. పెట్టెలోనూ ఒకేచోట నుంచి రావాలి. ట్యూబు పైనుంచే వెలగాలి. పక్కనుంచి పెడితే కనుబొమల నీడ తప్పి వెలుగు నేరుగా కళ్లలో పడుతుంది, కళ్లు ఎర్రబడి మూతలు పడతాయి.

దూరం కూడా మందు మోతాదు లాంటిది. మధ్యలో జాలీ లేకపోతే జంతువు వీపుకు 35 నుంచి 40 సెంటీమీటర్ల దూరం, జాలీ మీద ట్యూబు ఉంటే 25 నుంచి 30. జాలీ అల్లికను బట్టి యూవీలో మూడో వంతు నుంచి సగం దాకా ఆపేస్తుంది. గాజైతే యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కనుక కిటికీ దగ్గర పెడితే ఎండ తగులుతుంది కదా అనుకోవడం తప్పు. సోలార్‌మీటర్ అనే చిన్న పరికరంతో కొలిస్తే ఎండకాచుకునే చోట యూవీ సూచిక 3 నుంచి 5 మధ్య ఉండాలి. మన ఎండాకాలం మధ్యాహ్నపు సూర్యుడి సూచిక 10 దాటుతుంది. పట్టపగటి ఎండలో నీడ లేకుండా వదిలేస్తే అది మేలు కాదు, హింస. ట్యూబు కంటికి వెలుగుతూనే ఉన్నా దాని యూవీ నెలనెలా తగ్గుతుంది. ఏడాదికోసారి, కొన్ని రకాలైతే ఆరు నెలలకే మార్చాలి. బిగించిన తేదీని ట్యూబు అంచున మార్కర్‌తో రాసిపెట్టుకుంటే మరచిపోరు.

నిజమైన ఎండను మించింది లేదు. బాల్కనీలో తీగ జాలీ పెట్టెలో, సగం నీడ ఉండేట్టు, పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య అరగంట ఉంచితే ట్యూబు ఇవ్వలేనిది అందుతుంది. గద్దలు, కాకులు, పిల్లులు ఉంటాయి కనుక దగ్గరే కూర్చోవాలి.

అంగట్లో పొలుసులే లేకుండా పట్టుగుడ్డలా మెరిసే ‘సిల్క్‌బ్యాక్’ రకం ఎక్కువ ధర పలుకుతుంది. ఆ చర్మం యూవీకి తొందరగా కాలుతుంది, చిన్న గీతకే చిరుగుతుంది, కుబుసం విడవడానికి కష్టపడుతుంది. మనుషుల సరదా కోసం పుట్టించిన బాధ అది. అలాంటి జంతువును కొనకపోవడమే దానికి చేయగల మేలు.

రాత్రి

వేసవిలో 14 గంటలు, చలికాలంలో 10 నుంచి 12 గంటలు పగలు. మిగతాది కటిక చీకటి. ఎర్ర బల్బు, నీలం బల్బు గడ్డపు తొండలకు కనపడవని అమ్మేవాళ్లు చెప్తారు. కనపడతాయి. 2016లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ జంతువుల మెదడులో మనలాగే రెండు రకాల నిద్ర ఉందని చూపించారు. నెమ్మది అలల గాఢనిద్ర, కళ్లు కదిలే రెమ్ నిద్ర. ఈ రెండూ కలిసిన ఒక చుట్టు మనకు గంటన్నర, దానికి సుమారు 80 సెకన్లే. రాత్రంతా ఆ చుట్లు వందలకొద్దీ తిరుగుతాయి. టీవీ వెలుగు, పక్కగది దీపం ఆ నిద్రను చెడగొడతాయి. గది 18 డిగ్రీల కంటే చల్లబడితేనే రాత్రి వేడి కావాలి. దానికి వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీట్ ఎమిటర్‌ను థర్మోస్టాట్‌తో పెట్టాలి. మన ఊళ్లలో దీని అవసరం డిసెంబరు, జనవరుల్లో కొన్ని రాత్రులకే. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పిల్లలు ముచ్చటపడితే తెచ్చి పెంచుతున్న తెలుగు కుటుంబాలకు మాత్రం నెలల తరబడి ఉంటుంది.

నేల, కొమ్మలు, తేమ

అడుగున ఏం పరచాలనే దానిమీద పెంచేవాళ్లలో వాదన చాలా ఉంది. పిల్లలకు, జబ్బుగా ఉన్నవాటికి కిచెన్ పేపరు పరచాలి, మల మూత్రాల రంగు కనపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాటికి గరుకు టైల్స్ గానీ, మట్టీ కడిగిన సన్న ఇసుకా కలిపిన గట్టి నేల గానీ బాగుంటుంది. తవ్వుకోవడం దాని స్వభావం, ఒక మూల ట్రేలోనైనా మట్టి ఉంటే సంతోషంగా గీకుతుంది. ఇసుక తిని పేగు మూసుకుపోయే ప్రమాదం నిజమే, కానీ అది ఎక్కువగా వేడి చాలక అరుగుదల మందగించిన జంతువుల్లో వస్తుంది. కాల్షియం ఇసుక, అక్రోటు పెంకుల పొడి మాత్రం ఎవరికీ వద్దు. మొదటిది రుచికి తినాలనిపిస్తుంది, రెండోది పేగులను కోస్తుంది.

జంతువు నడుమంత లావున్న కొమ్మ ఒకటి ఏటవాలుగా, దీపం కిందికి చేరేట్టు బిగించాలి. బరువైన రాళ్లను మట్టి మీద కాకుండా పెట్టె అడుగుకు ఆనించి పెట్టి, తర్వాత చుట్టూ మట్టి పోయాలి. లేదంటే తవ్వేటప్పుడు రాయి మీద పడుతుంది. చల్లటి వైపు ఒళ్లంతా దూరే గూడు ఒకటి ఉండాలి.

గాలిలో తేమ 30 నుంచి 40 శాతం సరిపోతుంది. హైదరాబాదు, అనంతపురం లాంటి చోట్ల ఏడాదిలో చాలా నెలలు ఇది తేలికే. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో అదే పెద్ద సమస్య. అక్కడ పై రంధ్రం దగ్గర చిన్న కంప్యూటర్ ఫ్యాన్ బిగించి లోపలి గాలిని బయటికి తోయాలి, మట్టి బదులు టైల్స్ వేయాలి. ఎప్పుడూ చెమ్మగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. నీళ్ల గిన్నె చల్లటి వైపు ఉండాలి. చాలా గడ్డపు తొండలు నిలవ నీళ్లను గుర్తించవు. ముక్కు మీద డ్రాపరుతో రెండు చుక్కలు వేస్తే నాలుకతో నాకుతాయి.

రోహిణి కార్తె

పెంపకం పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల్లో రాసినవి. వాటి బెంగంతా ఎలా వేడెక్కించాలని. విజయవాడలో, ఒంగోలులో మే నెలలో బెంగ తిరగబడుతుంది. గదిలోనే 38 డిగ్రీలుంటే పెట్టెలో చల్లటి మూల అన్నదే ఉండదు. జంతువు తన వేడిని దించుకునే దారి మూసుకుపోతుంది. ఒంటి వేడి 40 దాటి పైకి పోతే ప్రాణానికే ముప్పు.

అప్పుడు వేడి దీపాన్ని పొద్దున గంట, రెండు గంటలకే పరిమితం చేసి ఆపేయాలి. యూవీ ట్యూబు మాత్రం మామూలుగా వెలగాలి. పెట్టెను ఇంట్లో చల్లటి గదికి, పడమటి గోడకు దూరంగా మార్చాలి. నీళ్లు గడ్డకట్టిన సీసాను గుడ్డలో చుట్టి చల్లటి చివర గోడకు బయట ఆనిస్తే నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. ఎయిర్ కూలరు తెలంగాణ, రాయలసీమ పొడిగాలిలో కొన్ని గంటలు పనికొస్తుంది, కోస్తాలో తేమను పెంచి చెరుపు చేస్తుంది. ఏసీ ఉన్న గదిలో 27, 28 దగ్గర ఉంచి దీపం మామూలుగా వెలిగించడం అన్నిటికంటే మంచి ఏర్పాటు. కరెంటు పోతే రాత్రిపూట బాధ లేదు, చీకటీ చల్లదనం దానికి అలవాటే. మే నెల మధ్యాహ్నం మూసిన గదిలో కరెంటు పోవడం ప్రమాదం. తలుపులు తెరిచి, నేలమీద తడిగుడ్డ పరిచిన ట్రేలో ఉంచి, గది గాలి ఆడేట్టు చూడాలి.

తిండి

పిల్లలకు ఎక్కువ పురుగులు, కొద్దిగా ఆకులు. ఏడాది దాటాక ఇది తిరగబడాలి, ఆకుకూరలు ముప్పాతిక, పురుగులు పాతిక. పురుగు రెండు కళ్ల మధ్య ఎడం కంటే పెద్దది కాకూడదు. కీచురాళ్లలో కాల్షియం కంటే భాస్వరం ఎన్నో రెట్లు ఎక్కువ. భాస్వరం లేని కాల్షియం పొడిని వాటిమీద చల్లి పెట్టాలి. తినగా మిగిలిన కీచురాళ్లను రాత్రి లోపల వదిలేస్తే నిద్రపోతున్న జంతువు కళ్లచుట్టూ కొరుకుతాయి.

మనకు ప్రత్యేకంగా అందుబాటులో ఉన్నది పట్టుపురుగు. మెత్తగా, కొవ్వు తక్కువగా, తేలిగ్గా అరిగే తిండి అది. హిందూపురం, కదిరి వైపు మల్బరీ తోటల పక్క ఊళ్లలో పుట్టలు పుట్టలుగా దొరుకుతుంది. మందులు, సున్నం, బ్లీచింగ్ తగలని పురుగులను అడిగి తెచ్చుకుని, ఇంట్లో రెండు రోజులు మల్బరీ ఆకు మేపి పెట్టాలి. మల్బరీ ఆకు, మందార పూలు, లేత మందార ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు, గుమ్మడి తురుము, కొద్దిగా మునగాకు గడ్డపు తొండకు సరిపడతాయి. పాలకూర, తోటకూర, చుక్కకూర, మనకు ప్రాణమైన గోంగూర ఆక్సలేట్లతో నిండి ఉంటాయి. అవి కాల్షియాన్ని కట్టేస్తాయి కనుక రోజూ పెట్టకూడదు. అవకాడో వద్దు. ఇంట్లో పట్టిన బొద్దింకల్లో మందు ఉండొచ్చు. మిణుగురు పురుగు మరీ ప్రమాదం. ఒక అమెరికా జాతి మిణుగురులను తిని గడ్డపు తొండలు చనిపోయిన సంగతి 1999లో శాస్త్రపత్రికకెక్కింది. గుండెను దెబ్బతీసే విషం వాటిలో ఉంటుంది.

ఒక పెట్టె, ఒక ప్రాణి

రెండింటిని కలిపి పెంచితే తోడుంటుందని మనకనిపిస్తుంది. ఒకదానిమీద ఒకటి ఎక్కి పడుకుంటే ప్రేమ అనుకుంటాం. పైది ఎండను దక్కించుకుంటోంది, కిందిది కోల్పోతోంది, అంతే. బలహీనమైనది తిండికీ దీపానికీ దూరమై ఎండిపోతుంది. పిల్లలైతే ఒకదాని తోక, వేళ్లు ఇంకొకటి కొరికేస్తుంది. ఎదుటిదాన్ని చూసి ముందుకాలు గుండ్రంగా ఊపడం ‘నేను లొంగాను’ అనడం. తల వేగంగా ఊపడం, గడ్డం నల్లబడడం ‘ఇది నా చోటు’ అనడం. మన కంచె మీది తొండ తల ఊపులో ఉన్నదీ అదే మాట.

ఒంటరిగా ఉండేది మొద్దుది అనుకోకూడదు. 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో, శిక్షణ పొందిన ఒక గడ్డపు తొండ తలతో జాలీ తలుపును పక్కకు జరిపి తిండి తీసుకోవడం చూసిన తొండలు అలాగే తలుపు తెరిచాయి. చూడనివి ఆ పని చేయలేదు. అంత గమనించే ప్రాణికి ఖాళీ పెట్టె విసుగు. వారానికోసారి కొమ్మ స్థానం మార్చడం, ఆకులను కొమ్మకు వేలాడదీయడం, గదిలో కాసేపు తిరగనివ్వడం దానికి కావాలి.

శుభ్రత, జబ్బులు, అనుమతులు

ఆరోగ్యంగా కనిపించే సరీసృపం కూడా సాల్మొనెల్లా క్రిమిని మోయగలదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2014లో సాల్మొనెల్లా కోథామ్ అనే రకం సోకడానికి పెంపుడు బియర్డెడ్ డ్రాగన్లు మూలమని తేల్చింది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. గిన్నెలు, రాళ్లు వంటింటి సింకులో కడగకూడదు, దానికో బకెట్ వేరే ఉండాలి. మలం రోజూ తీయాలి, నెలకోసారి అంతా బయటపెట్టి కడిగి ఆరబెట్టాలి.

చర్మం మీద పసుపు పొరలా మొదలై లోపలికి దిగే నానిజియాప్సిస్ అనే శిలీంధ్రం, పిల్లల్లో ఎదుగుదలను ఆపే అడినోవైరస్ దీనికి వచ్చే పెద్ద జబ్బులు. కొత్తగా తెచ్చినదాన్ని పాతవాటికి దూరంగా రెండు మూడు నెలలు ఉంచాలి. వంటింటి తరాజు మీద వారానికోసారి తూచి రాసిపెట్టుకుంటే, కంటికి కనపడకముందే జబ్బు అంకెల్లో తెలుస్తుంది.

మన దేశంలో ఉడుము, నక్షత్ర తాబేలు లాంటి స్వదేశీ సరీసృపాలను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బియర్డెడ్ డ్రాగన్ విదేశీ జాతి. కొనేముందు అమ్మేవారి దగ్గర అది ఎక్కడ పుట్టిందో కాగితం అడిగి తీసుకోవాలి, అటవీ శాఖ దగ్గర అప్పటి నియమాలు కనుక్కోవాలి. దాని సొంత దేశంలోనే న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సు లేకుండా పెంచడానికి వీల్లేదు. హవాయిలో అసలు నిషేధం. పెంచలేకపోతే తోటలో వదలడం మాత్రం ఎన్నడూ కూడదు.

శీతాకాలపు నిద్ర

ఏడాది దాటిన జంతువు చలికాలంలో ఒకనాడు తిండి మానేసి గూట్లో మూలకు చేరి రోజులకొద్దీ కదలదు. కొత్తవాళ్లు చచ్చిపోయిందని ఏడుస్తారు. ఆస్ట్రేలియా చలికాలం జూన్‌లో, మనది డిసెంబరులో. పెట్టెల్లో తరతరాలుగా పెరిగినవి మన గడియారానికే సర్దుకున్నాయి. ఇది చలినిద్ర. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా ఉండొచ్చు. నిద్రపోయేముందు పొట్ట ఖాళీ అయి ఉండాలి. లోపల తిండి మిగిలి వేడి తగ్గితే అది అరగక కుళ్లుతుంది. అందుకే తిండి మానేసిన తర్వాత కూడా వారం, పది రోజులు దీపం పూర్తిగా వెలిగించి, మలం వచ్చాకే పగటి గంటలు తగ్గించాలి. నిద్రలో కదపకుండా, రెండు వారాలకోసారి మెల్లగా ఎత్తి తూచాలి. బరువు పదో వంతు తగ్గితే లేపి వైద్యుడికి చూపించాలి. ఏడాది లోపు పిల్లలు ఇలా పడుకుంటే నిద్ర అనుకోకుండా వెంటనే చూపించాలి.

ఫిబ్రవరి ప్రాంతంలో ఒక ఉదయం గూటి అంచున ముక్కు కనపడుతుంది. ఆ రోజుకల్లా కొత్త ట్యూబు బిగించి, కడప బండ మీద 40 డిగ్రీలు ఉందో లేదో కొలిచి ఉంచాలి. ముందు రెండు చుక్కల నీళ్లు ఇవ్వాలి. బండ మీద రెండు రోజులు ఎండకాచుకున్నాక మొదటి పట్టుపురుగు.